ఏ విద్యకు ఎవరు అధికారి? – డిగ్రీ ఎంపికలో అనుబంధ చతుష్టయం



శిశువు చేత తొలి అక్షరం దిద్దించడానికి మన గృహస్థులు ఎంత శ్రద్ధ వహిస్తారో అందరికీ విదితమే. తిథి, వారం, నక్షత్రం, లగ్నశుద్ధి చూస్తారు. అవకాశం ఉన్నవారు గోదావరీ తీరాన ఉన్న బాసర క్షేత్రానికి వెళ్లి, జ్ఞానసరస్వతీ సన్నిధిలో పలక పట్టిస్తారు. నిజానికి ఒక రోజు అటూ ఇటూ అయినంత మాత్రాన ఆ శిశువు విద్యకు లోపం రాదు. ఏ పలక మీద దిద్దినా అక్షరం అక్షరమే. అదే శిశువు పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయస్సుకు వచ్చి, ఇంటర్మీడియట్ ముగించి, రాబోయే నలభై ఏళ్ల వృత్తికీ ఆలోచనకూ దారి చూపే డిగ్రీని ఎంచుకొనే నాటికి ఆ శ్రద్ధ కానరాదు. వీధి చివర నెట్ సెంటరులో, వెనుక పదిమంది తొందరపెడుతూ ఉండగా, ఒక్క సాయంత్రంలో వెబ్ ఆప్షన్ల క్రమం నిర్ణయమైపోతుంది.

పరీక్షకు ముందు హాల్ టికెట్టును స్వామి పాదాల చెంత ఉంచి అర్చన చేయించుకొనేవారు ఎందరో ఉన్నారు. కోనసీమలో ఐనవిల్లి సిద్ధివినాయకుని సన్నిధిలో పూజించిన కలాలను విద్యార్థులు భక్తితో స్వీకరిస్తారు. ఇది ప్రశంసనీయమైన ఆచారమే. అయితే పరీక్షలో ఉత్తీర్ణతను కోరినంత ఆర్తితో, ఆ పరీక్ష దాటిన తరువాత ఏ విద్యను ఆశ్రయించాలనే వివేకాన్ని కోరేవారు అరుదు. దైవానుగ్రహం వివేకానికి ప్రత్యామ్నాయం కాదు. వివేకరూపంలోనే అనుగ్రహం మనిషిని చేరుతుంది.

ఈ వివేకానికి మన శాస్త్ర సంప్రదాయంలో ఒక చక్కని పద్ధతి ఉన్నది. ఏ శాస్త్రాన్ని ఆరంభించినా, మొదట నాలుగు విషయాలు తేల్చుకొనవలెనని పూర్వాచార్యుల నియమం. వీటినే అనుబంధ చతుష్టయం అంటారు. విషయం అంటే ఈ గ్రంథం దేనిని గురించి చెబుతున్నది? ప్రయోజనం అంటే దీనిని చదివినందువల్ల కలిగే ఫలం ఏమిటి? సంబంధం అంటే ఈ గ్రంథానికీ ఆ విషయానికీ, ఆ ఫలానికీ నడుమ ఉన్న అన్వయం ఏమిటి? అధికారి అంటే దీనిని చదవడానికి తగినవాడు ఎవరు? సదానందయోగి రచించిన వేదాంతసారం ఈ నాలుగింటినీ తేటతెల్లం చేసిన పిదపనే ముందుకు సాగుతుంది. ఒక చిన్న గ్రంథానికే ఇంత విచారణ అవసరమైనప్పుడు, మూడు నాలుగేళ్ల కాలాన్నీ, కుటుంబం కూడబెట్టిన ధనాన్నీ, యౌవనంలోని మొదటి శక్తినీ సమర్పించే డిగ్రీకి ఈ విచారణ అక్కరలేదని ఎవరనగలరు?

మొదటిది విషయం. డిగ్రీ పేరు వేరు, అందులోని విషయం వేరు. కంప్యూటర్ సైన్స్ అనే మాట వినగానే సాఫ్ట్‌వేర్ కొలువు స్ఫురిస్తుంది. కాని ఆ విద్యలో ప్రవేశించిన విద్యార్థికి మొదటి సంవత్సరాలలో ఎదురయ్యేది కలనగణితం, రేఖీయ బీజగణితం, వివిక్త గణితం, తర్కబద్ధమైన ప్రోగ్రామింగ్. కృత్రిమ మేధ అనీ, డేటా సైన్స్ అనీ తోక తగిలించిన శాఖల్లో కూడా తొలి సెమిస్టర్ల పాఠ్యం చాలావరకు మూలశాఖదే. వాణిజ్యశాస్త్రమంటే పద్దుల పుస్తకమే అనుకొని బి.కాం.లో చేరినవాడు పన్నుల చట్టాన్నీ కంపెనీ చట్టాన్నీ చూసి నివ్వెరపోతాడు. ఆర్థికశాస్త్రంలో గణితం ఉండదని నమ్మి చేరినవాడికి సంఖ్యాశాస్త్రం ఎదురవుతుంది. కనుక ప్రవేశానికి ముందే ఆ విశ్వవిద్యాలయం ప్రకటించిన పాఠ్యప్రణాళికను, అనగా సిలబస్‌ను, సెమిస్టర్ వారీగా తెచ్చుకొని చదవాలి. అందులోని ఒక పాఠ్యాంశం పుస్తకాన్ని గ్రంథాలయం నుండి తెచ్చి, వారం రోజులు దానితో కూర్చోవాలి. ఆ వారంలో కలిగే అనుభవం ఏ ప్రకటనా చెప్పలేని నిజాన్ని చెబుతుంది.

శాస్త్రాధ్యయనంలోనూ పూర్వం ఇదే వరుస ఉండేది. వేదాధ్యయనం చేసిన వటువు పిదప వ్యాకరణమో, తర్కమో, మీమాంసయో, వేదాంతమో స్వీకరించేవాడు. తర్క వ్యాకరణాలు తక్కిన శాస్త్రాలన్నిటికీ ఉపకరిస్తాయని పెద్దలు భావించారు. నేటి విద్యాశాఖల్లోనూ అటువంటి ఉపకారక విద్యలు ఉన్నాయి. గణితం, సంఖ్యాశాస్త్రం, ఒక భాషలో స్పష్టంగా ఆలోచించి రాయగల నైపుణ్యం – ఇవి ఏ వృత్తికి వెళ్లినా వెంట వస్తాయి. నిర్ణయం తేలనివాడు సంకుచితమైన విశేషశాఖ కంటె ఇటువంటి విశాలమైన మూలశాఖను ఆశ్రయించడం క్షేమం.

రెండవది ప్రయోజనం. ప్రయోజనం రెండు విధాలు: అవాంతర ప్రయోజనం, పరమ ప్రయోజనం. జీవిక అవాంతర ప్రయోజనం. దానిని తక్కువ చేసి మాట్లాడడం గృహస్థధర్మం కాదు. అర్థం కూడా పురుషార్థమే. అయితే కొలువు గురించి అడిగేటప్పుడు సరైన ప్రశ్న అడగాలి. కళాశాల గోడపత్రికపై ఉండే అత్యధిక వేతనం ఒక్క విద్యార్థికి సంబంధించినది. చేరినవారెందరు, ఉత్తీర్ణులైనవారెందరు, కొలువు పొందినవారెందరు, వారిలో నడుమ నిలిచినవాని జీతమెంత, ఉన్నత చదువులకు వెళ్లినవారెందరు – ఇవి అడగవలసినవి. 2016 నుండి వెలువడుతున్న ఎన్.ఐ.ఆర్.ఎఫ్. జాతీయ ర్యాంకుల కోసం సంస్థలు సమర్పించే వివరాలలో మధ్యస్థ వేతనం కూడా ఉంటుంది. గోడపత్రిక కంటె ఆ పట్టిక ఎక్కువ మాట్లాడుతుంది.

ఇక్కడ భక్తకుటుంబాలలో తరచుగా కనిపించే ఒక భ్రమను ప్రస్తావించాలి. కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునికి శ్రేయస్సు, ప్రేయస్సు అనే రెండు మార్గాలను వివరించాడు. దీనిని విన్న కొందరు వేదవిద్య శ్రేయస్సనీ, ఇంజనీరింగ్ ప్రేయస్సనీ విభజిస్తారు. ఈ విభజన ఉపనిషత్తు చేయలేదు. ముండకోపనిషత్తు మరింత నిర్మొహమాటంగా, నాలుగు వేదాలనూ, శిక్ష మొదలు జ్యోతిషం వరకు ఆరు వేదాంగాలనూ అపరవిద్యలోనే చేర్చింది. అక్షరపరబ్రహ్మను తెలిపేది మాత్రమే పరవిద్య. అందుచేత ఘనపాఠం చదివినా, యంత్రశాస్త్రం చదివినా, ఆత్మవిచారం లేనంతవరకు ఇద్దరూ ఒకే తీరాన నిలిచి ఉన్నవారే. శ్రేయోమార్గం శాఖ పేరులో లేదు. ఆ శాఖను ఏ భావంతో స్వీకరించారన్నదానిలో ఉన్నది. లోకం చూసి మెచ్చుకోవాలని వేదపాఠశాలలో చేర్పిస్తే అది కూడా ప్రేయస్సే.

మూడవది సంబంధం. ఈ డిగ్రీ ఆ ఫలానికి నిజంగా తీసుకువెళుతుందా? ఈ ప్రశ్న వేయనందువల్ల కలిగే నష్టం చాలా పెద్దది. వైద్యుడు కావాలంటే ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం ఉండి, నీట్ పరీక్ష దాటవలసిందే. పదవ తరగతి ముగిసిన పదిహేనేళ్ల బాలుడు ఎం.పి.సి. తీసుకున్ననాడే సాధారణంగా ఆ తలుపు మూసుకుంటుంది. కాని న్యాయవాది కావడానికి అటువంటి నిర్బంధం లేదు. ఇంటర్మీడియట్ పిదప ఐదేళ్ల కోర్సు ఉన్నది, ఏ డిగ్రీ తరువాతనైనా మూడేళ్ల కోర్సు ఉన్నది. సివిల్ సర్వీసుల పరీక్షకు గుర్తింపు పొందిన ఏ డిగ్రీ అయినా చాలును. దానికోసమని ఇష్టం లేని ఇంజనీరింగ్ నాలుగేళ్లు చదవడం, ఏరు దాటడానికి వంతెన ఉండగా చుట్టూ తిరిగి వెళ్లడం వంటిది. చార్టర్డ్ అకౌంటెన్సీ అసలు డిగ్రీయే కాదు. ఇంటర్మీడియట్ పిదప ఫౌండేషన్ పరీక్షతో ఆరంభించవచ్చు, పక్కనే బి.కాం. చదువుకోవచ్చు.

సంబంధంలోనే గుర్తింపు విచారణ కూడా చేరుతుంది. 1956 నాటి యు.జి.సి. చట్టం ప్రకారం డిగ్రీ ప్రదానం చేసే హక్కు చట్టం ద్వారా ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే ఉన్నది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. స్వయంగా ప్రకటిస్తుంది. న్యాక్ గుర్తింపు మొత్తం సంస్థకు ఇచ్చేది, ఎన్.బి.ఎ. గుర్తింపు ఒక్కొక్క కోర్సుకు వేరువేరుగా ఇచ్చేది. కళాశాలకు మంచి శ్రేణి ఉన్నంత మాత్రాన, పిల్లవాడు చేరబోయే శాఖకు ఎన్.బి.ఎ. గుర్తింపు ఉన్నట్లు కాదు. ఈ భేదం తెలియక మోసపోయిన తల్లిదండ్రులు తక్కువమంది కారు.

వేదశాస్త్ర మార్గంలో ఉన్న విద్యార్థులకు ఈ సంబంధ విచారణ మరింత అవసరం. ఉజ్జయినిలోని మహర్షి సాందీపని వేదవిద్యా బోర్డు ఇచ్చే వేదభూషణ పత్రానికి పదవ తరగతితోనూ, వేదవిభూషణ పత్రానికి పన్నెండవ తరగతితోనూ సమానత్వాన్ని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం 2022లో అంగీకరించింది. తిరుపతిలో 1961లో విద్యాపీఠంగా వెలసిన సంస్థ 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా కేంద్రీయ ప్రతిపత్తి పొందినది. అక్కడ శాస్త్రి బి.ఎ.తోనూ, ఆచార్య ఎం.ఎ.తోనూ, శిక్షాశాస్త్రి బి.ఎడ్.తోనూ సమానం. అదే నగరంలో 2006లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వేద విశ్వవిద్యాలయంలో వేదం, ఆగమం, పౌరోహిత్యం అధ్యయనం చేయవచ్చు. పాఠశాలలో ఏళ్ల తరబడి సంహిత, పదం, క్రమం వల్లించిన బాలునికి లౌకికమైన దారి లేదనే నిరాశ నేడు నిరాధారం. అయితే ఆ పత్రాన్ని తాను చేరదలచిన విశ్వవిద్యాలయం అంగీకరిస్తుందో లేదో, చేరబోయే సంవత్సరపు ప్రవేశ ప్రకటనలోనే చూసుకోవాలి. ఎవరో చెప్పిన మాటను ప్రమాణంగా తీసుకోరాదు.

నాలుగవది అధికారి. గృహస్థులందరూ దాటవేసే ప్రశ్న ఇదే. మొదటి మూడింటికి సమాధానం వెలుపల దొరుకుతుంది. నాలుగవదానికి సమాధానం ఆ పిల్లవానిలోనే ఉంటుంది. ఇక్కడ అధికారి అంటే హక్కుదారుడని కాదు. యోగ్యతా, అపేక్షా రెండూ కలిగినవాడని అర్థం. యోగ్యత ఉండి అపేక్ష లేకపోతే చదువు బరువవుతుంది. అపేక్ష ఉండి యోగ్యత లేకపోతే చదువు గాయమవుతుంది.

ఛాందోగ్యోపనిషత్తులో నారదుడు సనత్కుమారుని చేరి తనకు బోధించమన్నాడు. సనత్కుమారుడు వెంటనే బోధ ఆరంభించలేదు. నీకు ఇప్పటికే ఏమి తెలుసో అది ముందు చెప్పమన్నాడు. నారదుడు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్రవిద్య మొదలుగా ఒక పెద్ద పట్టిక చదివాడు. చివరకు, ఇన్ని తెలిసినా తాను శోకిస్తున్నానని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు నుండే ఉపదేశం మొదలైంది. విద్యార్థికి దారి చూపదలచిన పెద్దలు అనుసరించవలసిన క్రమం ఇదే. ఏ కళాశాల మంచిదన్నది తరువాతి మాట. నీకు ఏమి తెలుసు, ఏది చేస్తుండగా కాలం తెలియదు, దేనివల్ల నీకు దుఃఖం కలుగుతున్నది – ఇవి మొదటి మాటలు.

గోదావరి సీమలోని ఒక గ్రామంలో శివాలయ అర్చకుని కుటుంబం విషయంలో ఈ క్రమం ఎంత ఉపకరించిందో అక్కడివారికి తెలుసు. తండ్రి క్రమపాఠం వరకు చదివినవాడు. ధూపదీప నైవేద్యాలకు వచ్చే స్వల్పమైన వేతనంతో, ఊరిలో జరిగే వ్రతాలతో సంసారం ఈడ్చినవాడు. కుమారుడు బాల్యంలో తండ్రివద్ద రుద్రాధ్యాయం, పంచసూక్తాలు నేర్చి, తరువాత పట్టణంలోని హాస్టల్ కళాశాలలో ఎం.పి.సి. చదివాడు. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు మధ్యరకం. కన్వీనర్ కోటాలో పేరున్న కళాశాలలో కంప్యూటర్ సైన్స్ రాదని తేలిపోయింది. యాజమాన్య కోటాలో చేర్చడానికి తల్లికి పుట్టింటివారిచ్చిన ఎకరం పొలాన్ని అమ్మడానికి తండ్రి సిద్ధపడ్డాడు. బేరం కూడా కుదిరింది.

ఆ ఊరిలోనే పదవీ విరమణ చేసిన గణితోపాధ్యాయుడు ఒకరున్నారు. ప్రదోషవేళ దర్శనానికి వచ్చినప్పుడు ఈ సంగతి విని, పొలం మాట ఎత్తకుండా పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకున్నారు.

“బాబూ, ఎవరూ పరీక్ష పెట్టకపోయినా నీ అంతట నీవు చేసే లెక్క ఏదైనా ఉన్నదా?”

పిల్లవాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చాడు. రెండు పంచాంగాలలో ఒకే ఏకాదశికి అంత్యకాలాలు వేరువేరుగా ఎందుకున్నాయన్నది వాని సందేహం. సూర్యచంద్రుల నడుమ ప్రతి పన్నెండు డిగ్రీల అంతరం ఒక తిథి అని తెలుసుకొని, పూర్వపద్ధతి గణనకూ దృగ్గణితానికీ భేదం ఎక్కడ ప్రవేశిస్తున్నదో వేసవి అంతా లెక్క కట్టి చూశాడు. కొన్ని చోట్ల తప్పాడు. తప్పిన చోట కొట్టివేసి మళ్లీ చేశాడు.

ఉపాధ్యాయుడు పుటలన్నీ చూసి, “పంతులుగారూ, వీడు గణితంలో ఉన్నాడు. కంప్యూటర్లో లేడు” అన్నారు.

తండ్రి కంఠం మారింది. “గణితం చదివితే కొలువెవరిస్తారు మాస్టారూ? అర్చకుడి కొడుకంటే పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రాని రోజులు. సాఫ్ట్‌వేర్ అంటే కనీసం మా గుమ్మం ఎక్కి మాట్లాడతారు. నేను పడ్డది వాడు పడకూడదు.”

ఆ మాటలో అహంకారం లేదు. అనుభవించిన బాధ ఉన్నది. ఉపాధ్యాయుడు దానిని కొట్టిపారవేయలేదు. “మీ భయం అబద్ధమని నేననను. కాని ఆ భయం మీది. నాలుగేళ్లు మోయవలసినవాడు వీడు. ముందు భయాన్ని కాగితం మీద పెడదాం” అని, యాజమాన్య కోటాకు నాలుగేళ్లలో అయ్యే వ్యయం ఒకవైపు, గణితం చదివినవారు పోగల దారులు ఒకవైపు రాశారు. అధ్యాపకత్వం, బ్యాంకు కొలువులు, రాష్ట్ర సర్వీసులు, సంఖ్యాశాస్త్రం, బీమాగణితం, ఎం.సి.ఎ. ద్వారా తిరిగి కంప్యూటర్ రంగం. తిరుపతిలో 2015లో నెలకొన్న ఐసర్, చెన్నై గణిత సంస్థ, భారతీయ గణాంక సంస్థ వంటి చోట్ల శుద్ధగణితానికీ విజ్ఞానశాస్త్రానికీ ప్రత్యేక ప్రవేశాలున్నాయని, ఆ ఏటి గడువులు దాటిపోయినా స్నాతకోత్తర స్థాయిలో మళ్లీ ప్రయత్నించవచ్చని వివరించారు.

అంతవరకు తలుపు వెనుక నిలిచిన తల్లి అప్పుడు మాట్లాడింది. “ఆ పొలం వాడి చదువుకే అనుకున్నాను. అమ్మినా నాకు బాధ లేదండీ. కాని ఏది చదువుతాడో ఒక్కసారి వాడి నోట చెప్పించండి. ఇంతవరకు ఎవరూ అడగలేదు.”

పిల్లవాడు తండ్రి ముఖం చూడలేక నేల చూస్తూ, “నాన్నగారూ, నేను గణితం చదువుకుంటాను” అన్నాడు.

పొలం బేరం వెనక్కి పోయింది. సమీప పట్టణంలోని ప్రభుత్వ కళాశాలలో గణితం ప్రధానంగా బి.ఎస్సీ.లో చేరాడు, రెండవ భాషగా సంస్కృతం తీసుకున్నాడు. ఇది జయగాథ అని చెప్పడానికి ఇంకా కాలం కాలేదు. వివాహం విషయంలో తండ్రికి ఉన్న దిగులు తీరలేదు. బంధువుల ఇంట ఎవరైనా చదువు గురించి అడిగితే, ఆయన సమాధానం చెప్పేముందు కొంత తడబడతారు కూడా. కాని గ్రామస్థులు ఏకాదశి ఏ రోజని అడిగినప్పుడు మాత్రం, లోపలికి తిరిగి కుమారుణ్ణి పిలుస్తున్నారు.

దీనిని విని, గణితమే గొప్పదనీ కంప్యూటర్ విద్య త్యాజ్యమనీ ఎవరైనా భావిస్తే అది కూడా పొరపాటే. ఒక వేదపండితుని ఇంట దీనికి విపరీతమైన పరిస్థితి వచ్చింది. మనుమరాలికి సంస్కృతం మీద మంచి పట్టు ఉన్నదని, తిరుపతిలో శాస్త్రి కోర్సులో చేర్చాలని తాతగారి సంకల్పం. ఆ అమ్మాయికి సంస్కృతం ఇష్టమే. కాని ఆమె మనస్సు ప్రోగ్రామింగులో ఉన్నది. పాణినీయ సూత్రాలలో ఒక సూత్రాన్ని మరొక సూత్రం ఎలా బాధిస్తుందో తాతగారు చెప్పినప్పుడు, దానిని యంత్రం చేత ఎలా చేయించవచ్చునా అని ఆలోచించేది. ఆమె తన ర్యాంకుకు తగిన కంప్యూటర్ సైన్స్ సీటు తీసుకున్నది. తాతగారు కొన్నాళ్లు మౌనం వహించారు. ఆ తరువాత సెలవులకు వచ్చినప్పుడల్లా ఆమెకు లఘుకౌముది పాఠం చెప్పడం ఆరంభించారు. డిగ్రీ కాకపోయినా విద్య ఆగలేదు. ఆ బాలునికి గణితంలో, ఈ బాలికకు కంప్యూటర్ శాస్త్రంలో అధికారం ఉన్నది. శాఖలు భిన్నమైనా, అనుసరించిన సూత్రం ఒక్కటే.

రెండు విద్యలనూ వదలలేని విద్యార్థులకు నేడు కొన్ని అవకాశాలు ఏర్పడ్డాయి. రెండు కోర్సులను ఏకకాలంలో చదవడానికి 2022లో యు.జి.సి. అనుమతించింది, తరగతుల వేళలు పరస్పరం తగలకుండా ఉండాలి, లేదా ఒకటి దూరవిద్యగానో ఆన్‌లైన్ విద్యగానో ఉండాలి. హైదరాబాదులోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడినది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఉదయం ఆలయసేవ, వేదాధ్యయనం చేస్తూ అటువంటి చోట డిగ్రీ పూర్తి చేసినవారున్నారు. అయితే రెండు పడవల మీద కాళ్లు పెట్టేముందు దేహశక్తినీ, నిద్రనూ, మనస్సునూ లెక్కలోకి తీసుకోవాలి. చేయగలగడం వేరు, చేయవలసి రావడం వేరు.

ఇక వెబ్ ఆప్షన్ల వంటి లౌకిక ప్రక్రియలోనూ సత్యమే క్షేమంకరం. అక్కడ ర్యాంకు, రిజర్వేషన్ నియమాల ప్రకారం, అభ్యర్థి ఇచ్చిన క్రమంలో పైనుండి కిందకు చూస్తూ, లభ్యమయ్యే మొదటి సీటును కేటాయిస్తారు. పైన ఉన్నది దొరికితే కింద ఉన్నవాటిని చూడరు. కనుక నిజంగా కోరుకున్నది పైన ఉండాలి. “ఇది ఎలాగూ రాదు” అని మనసైనదానిని కిందికి తోయడం వల్ల లాభం లేదు. పైన పెట్టడం వల్ల తక్కిన అవకాశాలకు నష్టమూ లేదు. వస్తే చేరలేని చోటును జాబితాలో పెట్టకపోవడమే మేలు. తన కోరికను తాను దాచుకొన్నవానికి కంప్యూటర్ కూడా సహాయం చేయలేదు.

పెద్దల పాత్ర ఎంతవరకు? భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయంలో, సర్వజ్ఞుడైన శ్రీకృష్ణుడు తాను చెప్పవలసిన గుహ్యజ్ఞానమంతా చెప్పి, దానిని నిశ్శేషంగా విమర్శించుకొని నీ ఇష్టప్రకారం చేయమని అర్జునునికే విడిచాడు. యుద్ధభూమిలో, ఇరుసేనల నడుమ, కాలవ్యవధి లేని చోట కూడా జగద్గురువు శిష్యుని నిర్ణయాధికారాన్ని హరించలేదు. స్వధర్మమనే మాటను చూపి పిల్లలను తమ వృత్తిలోకి గానీ, తాము కోల్పోయిన వృత్తిలోకి గానీ నెట్టే తల్లిదండ్రులు ఈ ఘట్టాన్ని శ్రద్ధగా మననం చేయాలి. తెలిసినది దాచకుండా చెప్పడం పెద్దల ధర్మం. ఖర్చు ఎంతవరకు భరించగలరో స్పష్టంగా చెప్పడం కూడా ధర్మమే. ఆ పరిధిలో నిర్ణయం విద్యార్థిది.

ఇంత విచారించినా నిర్ణయం తప్పితే? ఈ భయమే అనేకుల బుద్ధిని స్తంభింపజేస్తున్నది. ప్రఖ్యాత గణాంకవేత్త సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఉద్యోగార్థం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే భారతీయ గణాంక సంస్థ గురించి తెలుసుకొని 1941లో శిక్షణకు చేరారు. సంఖ్యాశాస్త్రంలో లోకోత్తరమైన కృషి చేసి, 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారాన్ని అందుకున్నారు. మొదట తలచిన దారి మూసుకుపోయినా, చదివిన గణితం వృథా కాలేదు. అభ్యసించిన విద్య సంస్కారరూపంలో నిలిచి, మరొక విద్యకు ఆధారమవుతుంది. కొత్త జాతీయ విద్యావిధానం కూడా మధ్యలో విరమించి, సంపాదించిన క్రెడిట్లతో తిరిగి చేరే వీలు కల్పించింది. మొదటి సంవత్సరంలోనే తాను దీనికి అధికారిని కానని గ్రహించిన విద్యార్థి నోరు తెరిచి చెప్పగలిగేటట్లు ఇల్లు ఉండాలి. ఆ మాట చెప్పలేక హాస్టల్ గదిలో ఒంటరిగా కుమిలే పిల్లల సంగతి పత్రికలలో చదివినప్పుడైనా, ఏ సీటూ ప్రాణంకంటె విలువైనది కాదని ప్రతి తండ్రీ, ప్రతి తల్లీ ముందుగానే, స్పష్టమైన మాటలతో బిడ్డకు చెప్పి ఉంచాలి.

తైత్తిరీయ శిక్షావల్లిలో, విద్య ముగించి వెళ్లే శిష్యునికి ఆచార్యుడు చేసిన అనుశాసనం ఉన్నది. ఏ వృత్తి చేపట్టవలెనో అందులో లేదు. సత్యాన్నీ, ధర్మాన్నీ, స్వాధ్యాయాన్నీ విడువవద్దని ఉన్నది. తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవంగా చూడమని ఉన్నది. ఇచ్చేదేదో శ్రద్ధతో ఇవ్వమని ఉన్నది. ఆ ఆచార్యుని శిష్యులందరూ ఒకే వృత్తి చేసి ఉండరు. అనుశాసనం మాత్రం అందరికీ ఒక్కటే. విషయ, ప్రయోజన, సంబంధ, అధికారాలను విచారించి ఏ డిగ్రీలో చేరినా, ఈ అనుశాసనాన్ని వెంట తీసుకువెళ్లిన విద్యార్థి దారి తప్పడు. ప్రవేశ ప్రకటనలు వెలువడే ఈ రోజులలో ప్రతి గృహంలో దీపం పెట్టిన తరువాత ఒక గంటసేపు పిల్లలతో కూర్చొని, నాలుగు ప్రశ్నలలో నాలుగవదానిని ముందుగా అడగండి. సమాధానం వెంటనే రాకపోవచ్చును. వచ్చేవరకు ఓపికతో వేచి ఉండండి.

శుభం భూయాత్.